హాంకాంగ్ మహల్లో పెరటాసి శనివారం

పంకజాక్షికి గొంతు లేదని కాదు. ఉంది. కానీ దాన్ని ఇంట్లోవాళ్ళు కూడా సరిగ్గా విన్నది లేదు. బడిలో పేర్లు పిలిచేటప్పుడు ఆమె "ఉన్నాను సార్" అంటే, పక్కన కూర్చున్న పిల్ల ఆ మాటను అందుకుని గట్టిగా సారుకు చేరవేసేది. పూతలపట్టు పక్కన పల్లెలో పదో తరగతి దాకా చదువంతా అట్లాగే సాగింది.

ఆ ఏడు వేసవి పోగానే వాళ్ళ నాయన తులసీరాం తిరుపతిలో బెల్లం అంగడి పెట్టాడు. ఇల్లు కూడా తిరుపతికి మారింది. సామాన్లతో పాటు ఆచారాలూ వచ్చాయి. వాటిలో పెద్దది, వెంకటేశ్వరుడి నెలగా చూసే పెరటాసిలో మూడో శనివారం వేసే తళిగ. ఆ రోజు ఇంట్లో ఒకరు నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, ఇళ్ళ ముందు నిలబడి గోవింద నామం పిలిచి భిక్ష తేవాలి. ఆ భిక్షను వండి వెంకటేశ్వర స్వామి ముందు కుప్పగా పోసి, కర్పూరం వెలిగించిన తరువాతే ఎవరైనా నోట్లో మెతుకు పెట్టాలి. ఎంత ఉన్నవాళ్ళయినా ఆ ఒక్క పూట అడుక్కోవలసిందే.

పోయినేటి దాకా ఆ పని అక్క వసంతది. వసంత వీధి మొదట్లో "గోవిందా" అంటే వీధి చివర గొడ్లు తలెత్తి చూసేవి. పెళ్ళయి అక్క అత్తవారింటికి పోయింది. ఇంట్లో మిగిలిన పిల్ల పంకజాక్షి ఒక్కతే.

"దీంతో అయ్యే పనేనా అత్తా?" అని అమ్మ భారతమ్మ పొద్దున్నే అడిగింది. "వాళ్ళ నాయన్ని పంపిద్దాం."

"వాడు పోతే అప్పున్నోళ్ళంతా తలుపులేసుకుంటారు" అంది అవ్వ కుప్పమ్మ. పంకజాక్షి గడ్డం పట్టుకుని నుదుట నామం తీస్తూ ఉంది ఆమె. తెల్లటి నామం రెండు కనుబొమల మధ్య మొదలై వెంట్రుకల్లోకి పోయింది. "సూడు పాపా, చెప్పేది విను. చెంబు చేతికొచ్చినాక గోవింద నామం తప్ప ఇంకో మాట నీ నోట్లోనించి రాకూడదు. నోరు తెరిచి పిలవకుండా తెచ్చింది భిక్ష కాదు. చెంబులో ఏది పడితే దాన్ని వద్దనకూడదు. తెలిసిందా?"

పంకజాక్షి తల ఊపింది.

"నువ్వొచ్చేదాకా నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను. బిన్నా రా, తడువు చెయ్యొద్దు."

డెబ్భై దాటిన అవ్వ నీళ్ళు ముట్టదు. ఆ మాటే పంకజాక్షి గుండెల్లో రాయిలా పడింది. పసుపు పావడ, పసుపు దావణి కట్టుకుని, మెడకు తులసి దండ చుట్టిన చెంబును పట్టుకుని బయటపడింది.

పల్లెలో అయితే ఇంత కష్టం లేదు. నామం చూస్తేనే వాకిట్లో ఉన్న వాళ్ళు లేచి, "పిల్ల వచ్చినాది, బియ్యం తేండి" అని లోపలికి కేకేసేవాళ్ళు. తిరుపతిలో వాకిళ్ళలో ఎవరూ లేరు. అన్ని తలుపులూ గడియ వేసి ఉన్నాయి. సొంత వీధిలో పిలవడానికి సిగ్గేసింది, ఎదురింటి వరలక్ష్మమ్మ మెట్ల మీద కూర్చుని తలకు నూనె రాసుకుంటూ ఉంది కాబట్టి. పక్క వీధిలో ఒక కిటికీ దగ్గరికి పోయి, ఊచల మధ్య నోరు పెట్టి "గోవిందా" అంది. లోపల గడ్డం గీసుకుంటున్న ఆయన అద్దంలోంచి అటూ ఇటూ చూసి, రేడియో పాడైందనుకుని దాని నెత్తిన ఒకటి కొట్టాడు.

ఇంకో ఇంటి ముందు నిలబడి మనసులో బ్రహ్మాండంగా పిలిచింది. ఒక కుక్క మాత్రం వచ్చి చెంబును వాసన చూసి, పాపం అనుకున్నట్టు పక్కన కూర్చుంది.

అట్లా తిరిగి తిరిగి గాంధీ రోడ్డు మీదికి వచ్చింది. ఎండ నడినెత్తికి ఎక్కింది. అంగళ్ళలో జనం తన నామాన్నే చూస్తున్నారని అనిపించింది. నిజానికి ఆ రోజు తిరుపతిలో నామం లేని నుదురు చూడటమే కష్టం, కానీ సిగ్గుకు లెక్కలు తెలియవు. చెంబును దావణి కొంగు కింద దాచి, రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుని, తల వంచుకుని నడిచింది.

అప్పుడే ఆ మెట్లు కనిపించాయి. బట్టలంగడి పక్కన ఇరుకు మెట్లు పైకి పోతున్నాయి. ఎర్ర రంగు వేసిన గుమ్మం. గుమ్మానికి రెండు వైపులా ఎర్ర కాగితపు బుడ్డీ దీపాలు వేలాడుతున్నాయి. లోపల నుంచి ఊదుబత్తి వాసన వస్తోంది. గుమ్మం పక్క గూట్లో బోడితల, బానపొట్ట ఉన్న పింగాణీ దేవుడొకడు పడీ పడీ నవ్వుతున్నాడు. ఉత్తరాది సేట్ల ఇల్లు కాబోలు అనుకుంది పంకజాక్షి. సేట్లు దానధర్మాలు బాగా చేస్తారని నాయన చెప్పగా విన్నది. పైగా లోపల చీకటిగా ఉంది. చీకట్లో అయితే ఎవరి మొహమూ చూడక్కర లేదు. ఆమెకు ధైర్యం వచ్చింది. చెప్పులు మెట్ల కింద విడిచి పైకి ఎక్కింది.

అది సేట్ల ఇల్లు కాదు. హాంకాంగ్ మహల్ అనే చైనా నూడుల్స్ హోటలు. మొత్తం ఆరు బల్లలు. ప్రతి బల్ల మీదా ఎర్ర గుడ్డ, గాజు గ్లాసులో పువ్వులాగా మడిచిన చేతిగుడ్డ. నడిపేది చిత్తూరు జయరామ్. మద్రాసులో ఒక చైనా వంటమనిషి దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. తిరుపతిలో ఇంత ఖరీదైన హోటలు లేదని అతని గర్వం. వెలుగు ఎంత తక్కువైతే హోటలుకు అంత మర్యాద అని అతని నమ్మకం. పెరటాసి నెలలో నీచు వండనని వాళ్ళమ్మ ఒట్టు పెట్టించుకోవడంతో కోడిగుడ్డు కూడా లోపలికి రానివ్వడం లేదు. దాంతో మాంసం తినేవాళ్ళు మాంసం లేదని రాలేదు, తిననివాళ్ళు ఏముంటుందో ఏమోనని రాలేదు.

గుమ్మం దాటగానే మంచులాంటి చల్లగాలి మొహానికి కొట్టింది. పంకజాక్షి చెంబును ఇంకా గట్టిగా పొట్టకు హత్తుకుంది. నోరు తెరిచింది. గో అనే అక్షరం గొంతు దాకా వచ్చి, ఆ చలికి అక్కడే గడ్డకట్టింది.

"రాండి, రాండి. కూకోండి" అని చీకట్లోంచి ఒక గొంతు వచ్చింది. వెనకే ఎర్ర సిల్కు కోటు వేసుకున్న మనిషి వచ్చాడు. కోటు మీద నాలుగు కాళ్ళ పాము ఒకటి నోట్లోంచి మంటలు కక్కుతోంది. అతను నారాయణ, వడ్డించేవాడు. కుర్చీ వెనక్కి లాగాడు. పెద్దవాళ్ళు కూర్చోమంటే కూర్చోవడం పంకజాక్షికి చిన్నప్పటి నుంచి అలవాటు. కూర్చుంది. భిక్షకు వచ్చిన పిల్లకు కుర్చీ వేస్తున్నారంటే సేట్లు ఎంత మంచివాళ్ళో అనుకుంది.

నారాయణ ఆమె ముందు ఎర్ర పట్టుబట్ట అట్ట వేసిన పుస్తకం ఒకటి పెట్టాడు. బంగారు రంగు అక్షరాలు, ఎర్ర దారపు కుచ్చు. వాళ్ళ దేవుడి పుస్తకం అయి ఉంటుంది. పంకజాక్షి దాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్ళకు అద్దుకుంది.

పక్క బల్ల దగ్గర గుసగుస వినిపించింది. "చూశారా? ముందు కళ్ళకద్దుకోవాలంట. మీరేమో విసనకర్ర చేసుకుని విసురుకుంటిరి."

"ఏసీలో విసురుకోవడం తప్పేలే" అని మగ గొంతు ఒప్పుకుంది.

ఆ బల్ల దగ్గర ఉన్నది బ్యాంకు మేనేజరు వెంకటేశ్వర్లు, ఆయన భార్య చంద్రకాంతమ్మ. ఈ మధ్యే నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చారు. పెళ్ళిరోజని ఆమె పట్టుబట్టి ఇక్కడికి తెచ్చింది. ఇద్దరూ పొద్దున్నించి పెరుగన్నం గురించి పోట్లాడుకుని వచ్చినట్టు మొహాలు పెట్టుకుని ఉన్నారు. చైనా భోజనం ఎట్లా చెయ్యాలో ఇద్దరికీ తెలియదు. అడగడానికి చంద్రకాంతమ్మకు నామోషీ. అందుకని, ఆ మసకలో మొహం కనపడకపోయినా, ఒంటరిగా వచ్చి ఇంత నిబ్బరంగా, తల వంచుకుని కూర్చున్న ఈ పిల్లకు అన్నీ తెలిసి ఉంటాయని తేల్చుకుంది. ఇద్దరూ తమ పుస్తకాలు తీసి కళ్ళకు అద్దుకున్నారు.

పంకజాక్షి పుస్తకం తెరిచింది. దేవుడి నామాల పక్కన ధరలు ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది, ఇది హోటలని. ఒళ్ళంతా చల్లబడింది. ఇందాకటి నుంచి చల్లగానే ఉంది కాబట్టి ఇంకా చల్లబడింది. లేచి పారిపోదామనుకుంటే నారాయణ కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. తెలియక వచ్చానని చెబుదామంటే గోవింద నామం తప్ప ఇంకో మాట ఆడకూడదు. ఆ నామం ఏమో రావడం లేదు. గబుక్కున పుస్తకం మూయబోయింది. వేలు ఒక వరుస మీద పడింది.

"అదేనా? మంచిది ఏరినారు" అని నారాయణ లోపలికి పోయాడు.

వంటింటికి సగం తలుపే ఉంది. మాటలన్నీ పైనుంచి దొర్లి ఇవతల పడ్డాయి.

"జయరామన్నా, ఒక పాప వచ్చినాది. కడుపు చేత్తో పట్టుకోని ఉండాది. శానా ఆకలి మీదుండాది."

"ఒక్కతేనా? ఎట్లాంటి పాప?"

"నువ్వు పెట్టిన చీకట్లో నా చెయ్యి నాకు కనపళ్ళేదు, పాప యాడ కనపడతాది? ఇంతసేపయినా ఒక్క మాట మాట్లాళ్ళేదు."

"మాట్లాళ్ళేదా? అయితే పెద్దింటి పిల్లే. యాడో పెద్ద ఊళ్ళో తిని ఉంటాది. ఆ పక్కనోళ్ళు?"

"వాళ్ళు ఆ పాపకేం పెడితే అదే మాకూ పెట్టమన్నారు."

జయరామ్ పొయ్యి మీద మంట భుస్సున లేచింది. కొంచెం సేపటికి పంకజాక్షి ముందు నీలిగీతల పింగాణీ గిన్నె వచ్చి కూర్చుంది. అందులో బంగారు రంగు పోగులు. సేమ్యా లాంటివే, కానీ ఒక్కొక్కటీ జడకుచ్చంత పొడుగు. కేరట్టు, బీన్సు సన్నటి తునకలు. పైన ఉల్లికాడలు. మిరియాల వాసన, కాలిన వెల్లుల్లి వాసన కలిసి పొగతో పాటు ముక్కులోకి ఎక్కాయి. పక్కన రెండు వెదురు పుల్లలు పెట్టాడు నారాయణ.

పొద్దున్నించి ఒక్కపొద్దు. పంకజాక్షి కడుపు ఒక్కసారి గుర్రుమంది. ఆ హోటల్లో ఆమె వైపు నుంచి గట్టిగా వినిపించిన మొదటి మాట అదే.

తినకూడదు. ఇంట్లో అవ్వ నీళ్ళు కూడా తాగకుండా గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. పంకజాక్షి ఆ గిన్నెకు చేతులు జోడించి, క్షమించమన్నట్టు తల వంచి, రెండు వేళ్ళతో మెల్లగా పక్కకు జరిపింది.

పక్క బల్ల దగ్గర ఇద్దరూ తమ గిన్నెలకు చేతులు జోడించారు. తలలు వంచారు. రెండు వేళ్ళతో పక్కకు జరిపారు.

"ఇప్పుడేం చెయ్యాల?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఆ అమ్మాయి ఏం చేస్తే అది."

"ఏం చెయ్యడం లేదు గదే."

"అయితే మనమూ ఏం చెయ్యం. గమ్మునుండండి. మర్యాద తెలిసినోళ్ళు ఆరనిచ్చి తింటారు."

"ఆరిపోతే ఇది తాళ్ళయిపోతుందేమో కాంతం."

"పుల్లతో చెవి తిప్పుకోకండి, ఎవరన్నా చూస్తారు!"

పంకజాక్షికి చెమటలు పట్టాయి, ఏసీలో. దావణి కొసతో మొహం తుడుచుకుంది. చంద్రకాంతమ్మ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. వెంకటేశ్వర్లుకు చెంగు లేదు. గ్లాసులో పువ్వులా మడిచిన గుడ్డ తీసి తుడుచుకున్నాడు. పంకజాక్షి దేవుడా అనుకుని పైకి చూసింది. వాళ్ళూ పైకి చూశారు. పైన ఎర్ర బుడ్డీ తప్ప ఏమీ లేదు. ఇద్దరూ దాన్ని చాలా సేపు భక్తిగా చూశారు.

వంటింటి తలుపు మీదుగా జయరామ్ తల ఒకటి లేచి, మూడు గిన్నెలూ నిండుగా ఉండటం చూసి, కిందికి దిగిపోయింది.

"నారాయణా, ఎవురూ తినలేదు గదరా."

"వాసన చూసినారు. దణ్ణం పెట్టినారు. తర్వాత పక్కకి నెట్టినారు."

"దణ్ణం పెట్టినారా? వంటకా? ఏంటికి?"

"నాకేం తెలుసు అన్నా. పోయినోళ్ళకు పెట్టినట్టు పెట్టినారు."

గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత వరుసగా రావడం మొదలైంది. మొదట మొక్కజొన్న సూపు వచ్చింది. తరువాత వేపిన కాలీఫ్లవరు ఎర్రగా వచ్చింది. ఆ వెనక నూడుల్స్ మళ్ళీ వచ్చాయి, ఈసారి కరకరలాడేటట్టు వేయించి, పిచ్చుక గూడు మాదిరి. పంకజాక్షి దేన్నీ వద్దనలేదు, దేన్నీ ముట్టలేదు. ప్రతి దానికీ చేతులు జోడించింది. ఆమెతో పాటు మేనేజరు దంపతులూ జోడించారు. కొంతసేపటికి ఆ హోటల్లో భోజనం కాదు, ఏదో పెద్ద పూజ జరుగుతున్నట్టుంది.

"కాంతం, నాకు కళ్ళు తిరుగుతుండాయి."

"ఓర్చుకోండి. ఇదేదో చివర్లో ఒకేసారి తినేదేమో."

పంకజాక్షి కడుపు మళ్ళీ గుర్రుమంది. ఈసారి వెంకటేశ్వర్లు కడుపు జవాబు చెప్పింది.

చివరికి జయరామ్ తనే పొగలు కక్కే ఇంకో గిన్నెతో బయటికి వచ్చాడు. తెల్లకోటు, నెత్తిన పొడుగాటి తెల్ల టోపీ. మనిషి పొట్టి. టోపీ కలుపుకుంటేనే గుమ్మమంత అయ్యాడు. వచ్చి పంకజాక్షి బల్ల ముందు నిలబడ్డాడు. పాపం, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అమ్మా, నువ్వెవురో నాకు తెలీదు. ఈ దినం నా హోటలు మెట్లెక్కింది మీరు ముగ్గురే. మా నాయన కింద మెస్సు నడుపుతాడు. ఇడ్లీ పోసుకుని బతకరా అంటే వినకుండా ఇది పెట్టినాను. ఉప్పు ఎక్కువైతే తిట్టు. కారం తక్కువైతే గిన్నె ఇసిరికొట్టు. దణ్ణం మాత్రం పెట్టొద్దు తల్లీ, నా గుండె ఆగిపోతాది. ఒక్క పోగు తిను. ఒక్కటంటే ఒక్కటి."

అంటూ బల్ల మీది పుల్లలు తీసుకుని, తను తెచ్చిన గిన్నెలోంచి ఒక్క పోగును పైకెత్తి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. ఆ పోగు ఆమె ముక్కు ముందు ఊగింది. వేడి తగిలింది. మిరియాల ఘాటు తగిలింది. ఇంక క్షణం ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఒక్కపొద్దు పోయింది, తళిగ పోయింది, అవ్వ దప్పిక దండగ.

నోరు తెరుచుకోక తప్పదు. ఏదో ఒకటి లోపలికి పోవాలి, లేకపోతే బయటికి రావాలి.

పంకజాక్షి చటుక్కున లేచి నిలబడింది. కొంగు కింద నుంచి చెంబు తీసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా! గోవిందా!"

ఇన్నేళ్ళుగా దాచిపెట్టిన గొంతంతా ఒకేసారి వచ్చింది. పింగాణీ గిన్నెలు గలగలమన్నాయి. ఎర్ర బుడ్డీలు ఊగాయి. జయరామ్ చేతిలోని పోగు ఎగిరి టోపీ మీద వాలింది.

తిరుపతిలో ఆ పిలుపు వింటే బదులు చెప్పడానికి ఎవరూ ఆలోచించరు. నోరు దానంతట అదే అంటుంది.

"గోవిందా!" అన్నాడు జయరామ్.

"గోవిందా!" అన్నాడు నారాయణ.

"గోవింద, గోవింద!" అని మేనేజరు దంపతులు లేచి నిలబడ్డారు. కింద బట్టలంగడిలోంచి, దాని పక్కన మెస్సులోంచి, రోడ్డు మీద పోతున్న కొండ బస్సులోంచి కూడా గోవింద నామం వినిపించింది. కండక్టరు విజిలు మధ్యలో ఆగిపోయింది.

నారాయణ గోడ తడిమి ట్యూబులైటు వేశాడు. అది రెండు సార్లు కన్నుకొట్టి వెలిగింది. హాంకాంగ్ మహల్లో అందరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. నుదుటి మీద ఇంతెత్తు నామం, పసుపు బట్టలు, తులసి దండ వేసిన చెంబు.

"అయ్యో రామా! భిక్షకొచ్చిన పిల్లరా!" జయరామ్ టోపీ తీసి నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కపొద్దు మీదున్న పిల్ల నోట్లో పుల్లలు పెట్టబోతినే!"

"కడుపు కాదన్నా, చెంబు పట్టుకోనుండాది" అన్నాడు నారాయణ, అంతా తనకే తెలిసినట్టు.

చంద్రకాంతమ్మ పంకజాక్షిని చూసింది. తరువాత ఆరిపోయి తాళ్ళయిన నూడుల్స్ చూసింది. "అంటే మనం ఇందాకటి నుంచి ఒక్కపొద్దున్నామా?" అంది భర్తతో.

"పుణ్యం వస్తుందిలే. ఇంక తిందామా?" అని వెంకటేశ్వర్లు పుల్లలు పక్కన పారేసి చేయి గిన్నెలో పెట్టాడు.

జయరామ్ వంటింట్లోకి పరిగెత్తాడు. డబ్బాలు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. వట్టి చేతులతో వచ్చాడు. "బియ్యం లేవమ్మా. ఇది నూడుల్స్ అంగడి. ఎవురన్నా అన్నం అడిగితే కింద మా నాయన మెస్సు నుంచే తెస్తాం. పోయి తెస్తానుండు" అన్నాడు. మళ్ళీ ఆగాడు. "ఉహూఁ. నా గడపలో పిలిచినావు. నా చేత్తో చేసిందే వెయ్యాల." మిద్దె మీద వడియాల మాదిరి ఎండబెట్టుకున్న నూడుల్స్ ఒక కట్ట తెచ్చి, కళ్ళకద్దుకుని చెంబులో నిలబెట్టాడు. సగం లోపల, సగం బయట. "ఇంత తిండి దండగైంది. ఇది ఎవురి ఖాతాలో రాసేది?" అని నారాయణ గొణిగాడు. "గోవిందుడి ఖాతాలో" అన్నాడు జయరామ్.

చెంబులో పడిందాన్ని వద్దనకూడదు. పంకజాక్షి దణ్ణం పెట్టి మెట్లు దిగింది. నాలుగు అడుగులు వేసేసరికి వెనక చెప్పుల చప్పుడు. జయరామ్ టోపీ సర్దుకుంటూ వస్తున్నాడు.

"నేనూ వస్తాను పాపా. మీ ఇంట్లో దీన్ని ఎట్లా ఉడకబెడతారో ఏమో. నీళ్ళు ఎక్కువైతే జావయిపోతాది."

గుమ్మంలో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. చెంబు చూసి కళ్ళు చికిలించింది.

"ఏందిమే ఇది? గోవిందా అంటే చీపురుకట్ట ఏసినారా?"

"చీపురు కాదవ్వా. నూడుల్స్" అన్నాడు జయరామ్.

"నువ్వెవురు నాయనా? నెత్తిన దిండు గలీబు తగిలించుకోని వచ్చినావు?"

జయరామ్ జరిగిందంతా చెప్పాడు. నాయన తులసీరాం బయటికి వచ్చి విన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అవ్వ మాత్రం మధ్యలోనే చెయ్యెత్తి ఆపింది.

"ఇదా? పిలిచినాదా? గిన్నెలు అదిరేటట్టా? పదారేండ్లుగా ఇది గట్టిగా తుమ్మింది కూడా నేను ఎరగను. సాక్ష్యానికి తోడు తెచ్చుకున్నావా పాపా? పిలవకుండా తెచ్చింది తళిగకు పనికిరాదు. ఎండుసేమ్యా అయినా ఒకటే, ముత్యాలయినా ఒకటే."

"నా మీద ఒట్టవ్వా, బస్సు నిలిచిపోయినాది!"

"నీ మాట కాదప్పా నాకు కావాల్సింది."

అవ్వ నాలుకతో పెదవులు తడుపుకుంది. ఆ ఎండిన పెదవులు చూసేసరికి పంకజాక్షికి ఏడుపొచ్చినంత పనైంది. ఎదురింటి మెట్ల మీద వరలక్ష్మమ్మ ఉంది. నెత్తిన నూనె అట్లాగే ఉంది. చూడనీ. పంకజాక్షి వీధి మధ్యలోకి పోయి, చెంబు ఎత్తి పట్టుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా! గోవిందా!"

అవ్వ కూర్చున్న చోట ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. "గోవిందా!" అని వీధంతా పలికింది. గడియలు వరసగా టకటకా తెరుచుకున్నాయి. వరలక్ష్మమ్మ లోపలికి ఉరికి చేటలో బియ్యం తెచ్చింది. "ఇది ఎవురి గొంతమ్మా, మైకు పెట్టినారా?" అని అడుగుతూనే చెంబులో పోసింది. పక్కింటివాళ్ళు దోసిలితో తెచ్చారు. నూడుల్స్ చుట్టూ బియ్యం నిండి, పొంగి, నాయన తువ్వాలు పరిచేదాకా వచ్చింది.

"పొయ్యి ఎలిగించు భారతీ" అంది అవ్వ. అంతే.

వంటింట్లో మాత్రం యుద్ధం జరిగింది. జయరామ్ వెనిగరు సీసా జేబులోంచి తీశాడు.

"ఏందది?"

"పులుపవ్వా. రెండు చుక్కలేస్తే..."

"దేవుడికి సీసాలోది పోస్తావా? అవతల పెట్టు. బెల్లం తేమ్మా."

"బెల్లమా! అవ్వా, అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటాను. మద్రాసులో మా గురువు వింటే ఉరేసుకుంటాడు!"

"ఏసుకోనీ. ఇది బెల్లమోళ్ళ ఇల్లు."

బెల్లం పాకంలో నెయ్యి, యాలకులు వేసి, నూడుల్స్ విరిచి పడేసింది అవ్వ. విరిచినప్పుడల్లా జయరామ్ తన వేళ్ళు విరిచినట్టు కళ్ళు మూసుకున్నాడు.

అన్నం కుప్ప పోశారు. దాని మీద పులిహోర, వడలు, పక్కన జిగజిగలాడే బెల్లం నూడుల్స్. కర్పూరం వెలిగింది. ప్రతి ఏడూ ఇక్కడ పిలవడం అవ్వ వంతు. ఆమె నోరు తెరవబోయి, ఆగి, మనవరాలి వైపు గడ్డం ఎగరేసింది.

పంకజాక్షి పిలిచింది. పటం మీద పూలు రాలాయి. జయరామ్ చెవులు మూసుకున్నాడు. పై మిద్దెలో ఎవరి పసిబిడ్డో లేచి ఏడ్చింది.

"మెల్లగా పాపా, మెల్లగా" అంది అవ్వ, చెవిలో వేలు పెట్టి ఆడిస్తూ. "కొండ ఈడే ఉండాది గదా. స్వామికి బాగానే ఇనపడతాది."

పుట్టినప్పటి నుంచి, మెల్లగా అనమని ఒకరు తనతో చెప్పగా పంకజాక్షి వినడం అదే మొదటిసారి. నీళ్ళ చెంబు తీసి అవ్వ చేతికిచ్చింది. అవ్వ గటగటా తాగుతూ ఉండగా, ఎందుకైనా మంచిదని ఇంకొక్కసారి పిలిచింది.